చీమల జాతులు ఎన్ని? బతికున్నవీ శిలాజాలూ కలిపి జాబితా, పటం తయారుచేసేవారికి

అడిగింది క్లుప్తంగా ఇది: చీమల జాతులు ఒకచోట 8,800 అనీ, ఇంకోచోట 14,000 అనీ, మరోచోట 22,000 అనీ కనిపిస్తున్నాయి. ఉపకుటుంబాలు (చీమల కుటుంబాన్ని విడగొట్టిన పెద్ద గుంపులు) 21 అని ఒకరు, 17 అని ఒకరు, 16 అని ఇంకొకరు రాస్తున్నారు. శిలాజాలతో సహా ఒక జాబితా, ఏది ఎక్కడుంటుందో చూపే పటం తయారుచేయాలంటే దేన్ని నమ్మాలి?

ఆ అంకెల్లో ఏదీ తప్పు కాదు. ఎవరో తేదీలు కొట్టేసి అంకెలు మాత్రం మిగిల్చారు, అంతే. 1990 నాటికి పేరు పెట్టిన జాతులు దాదాపు 8,800. ఇప్పుడు చెల్లుబాటులో ఉన్నవి 14,000 దాటాయి. 22,000 అన్నది ఇంకా పేరు పెట్టనివాటిని కూడా కలుపుకొని వేసిన అంచనా, దాన్ని జాబితా పక్కన పెట్టి పోల్చకూడదు. ఉపకుటుంబాలదీ అదే కథ. బతికున్నవాటికి 21 ఉండేవి. 2008లో బ్రెజిల్‌లోని మనౌస్ దగ్గర ఆకుచెత్తలో దొరికిన ఒకే ఒక్క శ్రామిక చీమ ఆధారంగా మార్షియాలిస్ హ్యూరేకాను వర్ణించి, దానికోసం మార్షియాలినే అని కొత్త ఉపకుటుంబం పెట్టారు. అది 22. 2014లో సైనిక చీమలూ వాటి దాయాదులవీ ఆరు ఉపకుటుంబాలను డొరిలినే అనే ఒక్కదాంట్లో కలిపేశారు, 17 అయింది. 2022లో హెటెరోపొనెరినే పోయి ఎక్టటొమ్మినేలో కలిసింది, 16. కాబట్టి మీ ఫైలు మొదటి వరుసలోనే "ఫలానా డేటాబేస్, ఫలానా తేదీన చూసినది" అని రాసుకోండి. ఆ ఒక్క వరుస లేకపోతే ఆరు నెలల తర్వాత మీ లెక్క మీకే అర్థం కాదు.

పదహారు చూసి కంగారు పడనక్కర్లేదు. మిర్మిసినే, ఫార్మిసినే, పొనెరినే, డొలికోడెరినే, డొరిలినే అనే అయిదింట్లోనే పది జాతుల్లో తొమ్మిది ఇమిడిపోతాయి. ఒక్క మిర్మిసినేయే దాదాపు సగం. మిగతావాటిలో కొన్ని ఒకటి రెండు జాతులతోనే నిలబడ్డాయి.

నమూనా చేతిలో ఉంటే ముందు అది చీమేనా చూడండి. వానల్లో దీపం చుట్టూ మూగే ఉసుళ్ళు చెదపురుగులు, చీమలు కావు. నడుము సన్నగా లేకపోయినా, మీసాలు మోచేయిలా వంగకపోయినా పక్కన పెట్టేయండి. చీమే అయితే పది రెట్ల భూతద్దంతో నడుము చూడొచ్చు. కణుపు ఒకటా, రెండా? రెండుంటే చాలావరకు మిర్మిసినే. కానీ కళ్ళు తలలో సగం ఆక్రమించినంత పెద్దవైతే సూడోమిర్మెసినేని అనుమానించాలి, కళ్ళు అసలు లేకపోయినా చుక్కంత మిగిలినా డొరిలినేని. కొత్తవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఒకే కణుపైతే పొట్ట కొసకు వెళ్ళండి, దీనికి మైక్రోస్కోపులో 40 రెట్లయినా కావాలి. కొసన గుండ్రటి చిన్న రంధ్రం, చుట్టూ కుంచెలాగా వెంట్రుకలు ఉంటే ఫార్మిసినే. ఫార్మిక్ ఆమ్లం చిమ్మే నోరు అదే. రంధ్రం బదులు అడ్డంగా చీలిక ఉంటే డొలికోడెరినే. కుట్టే ముల్లు కనబడి, పొట్ట మొదటి రెండు ఖండాల మధ్య తాడుతో బిగించినట్టు నొక్కు ఉంటే పొనెరినే కావచ్చు; నొక్కు లేనంత మాత్రాన కాదనలేం, పొనెరినేకే చెందిన ఓడోంటోమేకస్‌లో ఆ నొక్కు ఉండదు. ఈ గుర్తులన్నీ శ్రామిక చీమలకే. రెక్కల మగచీమను శ్రామికుల పట్టికలో పెట్టి వెతికితే ఎక్కడో ఒకచోట తేలుతుంది, కానీ తప్పు చోట.

ఇక పేర్లు. ప్రతి జాతికీ నాలుగు గళ్ళు పెట్టండి: మీరు చదివిన కాగితంలో ఉన్న పేరు ఉన్నదున్నట్టుగా, మొదట వర్ణించినవారు-సంవత్సరం, ఇవాళ్టి చెల్లుబాటు పేరు, సరిచూసిన తేదీ. మొదటి గడిని "సరిదిద్దే" పని మాత్రం ఎప్పుడూ చేయవద్దు. ఎందుకో అర్జెంటీనా చీమను చూస్తే తెలుస్తుంది. దాన్ని మొదట వర్ణించిన మయర్ 1868లో హైపోక్లినియా హ్యూమిలిస్ అన్నాడు. తర్వాత చాలాకాలం ఇరిడోమిర్మెక్స్ హ్యూమిలిస్‌గా చెలామణి అయింది. 1992 నుంచి లినెపిథెమా హ్యూమిలే. ప్రజాతి (దగ్గరి జాతులను కలిపి ఉంచే గుంపు, పేరులో మొదటి మాట) మారినందువల్లే ఇప్పుడు "(మయర్, 1868)" అని బ్రాకెట్లలో రాస్తారు. బ్రాకెట్ లేకపోతే మొదట పెట్టిన ప్రజాతిలోనే ఉందని అర్థం. ఇంకో మెలిక, కొత్త ప్రజాతి పేరు వ్యాకరణ లింగానికి తగ్గట్టు "హ్యూమిలిస్" కాస్తా "హ్యూమిలే" అయింది. జాతి పేరు పూర్తిగా టైపు చేసి వెతికితే పాత రికార్డులు సగం తప్పిపోయేది ఇందువల్లే. చివరి రెండు అక్షరాలు వదిలేసి వెతకండి.

పెద్ద మార్పులు మూడు గుర్తుంటే చాలావరకు గట్టెక్కుతారు. 2014లో పాకికాండిలా ప్రజాతిని ముక్కలు చేశారు. ఇప్పుడు ఆ పేరు అమెరికా ఖండాల చీమలకే పరిమితం, ఆసియా, ఆఫ్రికా జాబితాల్లో కనబడితే అది పాత పేరని అర్థం. 2015లో మిర్మిసినేలోని తెగలను (ఉపకుటుంబానికీ ప్రజాతికీ మధ్య ఉండే గుంపులను) 25 నుంచి 6కి తగ్గించారు, కాబట్టి పాత పుస్తకాల తెగ పేర్లు నేరుగా ఎక్కించుకోవద్దు. 2016లో కాంపోనోటస్ ప్రజాతి నుంచి కొలోబాప్సిస్‌ను విడదీశారు. ఇవి కాక, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రజాతి, జాతి, ఉపజాతి, రకం అని నాలుగు ముక్కల పేర్లు విరివిగా పెట్టేవారు. నామకరణ నియమావళి ప్రకారం ఆ నాలుగో ముక్క అలాగే చెల్లదు. దాన్ని జాతిగా లెక్కిస్తే మీ సంఖ్య ఉబ్బిపోతుంది.

పేర్లకు యాంట్‌క్యాట్, నమూనాల ఫొటోలకు యాంట్‌వెబ్, ప్రాంతాలకు యాంట్‌మ్యాప్స్. ఈ మూడూ వెబ్‌సైట్లే, కానీ వాటి పనులు వేరు. యాంట్‌వెబ్‌లో ఫొటో లేదని జాతే లేదనుకోకూడదు.

శిలాజాల దగ్గర జాగ్రత్త రెట్టింపు కావాలి. బతికున్న చీమ పేరు తప్పైతే మళ్ళీ వెళ్ళి పట్టుకురావచ్చు, శిలాజం చాలాసార్లు ఒక్కటే ఉంటుంది. మొదట అది దేంట్లో దొరికిందో వేరే గడిలో రాయండి: అంబరా, రాయా? అంబరు ఒకప్పటి చెట్టు జిగురు. చెట్టు మీద తిరిగే శ్రామిక చీమలు అందులో ఎక్కువ చిక్కుతాయి, వెంట్రుకలతో సహా కనబడతాయి. సరస్సు అడుగు బురద గట్టిపడిన రాళ్ళలో ఎక్కువగా దొరికేవి రెక్కలున్న రాణులు, మగచీమలు, ఎగురుతూ నీళ్ళలో పడ్డవి. అందుకే ఒకే కాలపు అంబరు చీమల జాబితానూ రాతి చీమల జాబితానూ పక్కపక్కన పెట్టి "ఇక్కడ శ్రామికులే లేరు" అని తీర్మానించడం కుదరదు. నేలలోపల బతికే చీమలు రెండింటిలోనూ అరుదు.

తప్పు ఎలా జరుగుతుందో చూడాలంటే బ్రెజిల్‌లోని క్రాటో సున్నపురాయి చాలు. 1989లో అక్కడి శిలాజం ఒకదాన్ని కారిరిడ్రిస్ అనే చీమగా వర్ణించారు. తర్వాత పరిశీలనలో అది చీమ కాదు, ఆంపులిసిడే కుటుంబపు కందిరీగ అని తేలింది. అదే క్రాటో రాయి నుంచి 2025లో వల్కనిడ్రిస్ క్రాటెన్సిస్‌ను వర్ణించారు, వయసు సుమారు 11.3 కోట్ల ఏళ్ళు, ఇప్పటికి తెలిసిన అతి పాత చీమ. ఇది తవ్వకంలో కాదు, మ్యూజియం సేకరణలో కంటబడింది. ఈసారి పైపైన చూసి ఊరుకోకుండా మైక్రో సీటీ స్కాన్‌తో రాతిలోపలి భాగాలనూ చూశారు. దవడలు పక్కలకు కాకుండా కిందనుంచి పైకి కదిలే "నరక చీమల" ఉపకుటుంబం, హైడోమిర్మెసినేకి చెందింది. దానికి ముందు ఆ ఉపకుటుంబాన్ని ప్రధానంగా మయన్మార్ కచిన్ అంబరు (దాదాపు 9.9 కోట్ల ఏళ్ళు) నుంచి ఎరుగుదుం. ఆ అంబరు వయసు చాలా తక్కువని పాత రచనల్లో ఉంటుంది, కాబట్టి వయసుకు వేరే గడి, ఎప్పటి అంచనాయో పక్కన తేదీ.

ఇంకో ఉచ్చు రెక్క ముక్కలు. ఫార్మిసియమ్ అన్న పేరు కింద ఉన్నవి అన్నీ ఒకే ప్రజాతి చీమలు కావు. ఒంటి రెక్కలను మాత్రమే దాచిపెట్టుకునే అరలాంటి పేరుగా దాన్ని 2011లో స్థిరపరిచారు. శరీరం దొరికిన రాక్షస చీమలు టైటనోమిర్మా: జర్మనీలో మెస్సెల్ రాణులకు రెక్కలు చాపితే దాదాపు 15 సెంటీమీటర్లు, అమెరికాలో వయోమింగ్‌లో దొరికిన రాణి శరీరమే 5 సెంటీమీటర్లు. 2023లో కెనడాలో ఒకటి బయటపడింది గానీ రాయి సాగి అది వంకరపోయింది. ఒక దిశలో సాగిందనుకుని సరిదిద్దితే సుమారు 3 సెంటీమీటర్లు, ఇంకో దిశలో అనుకుంటే సుమారు 5. కొలతల గడిలో ఇలాంటిచోట ఒక్క అంకె రాసి ఊరుకోవద్దు, రెండూ కారణంతో రాయాలి.

పేరు విలీనాలు శిలాజాల్లోనూ ఉంటాయి: స్ఫెకోమిర్మోడెస్ అనే ప్రజాతి ఇప్పుడు జెరోంటోఫార్మికాలో భాగం. రెండూ విడివిడిగా లెక్కించిన జాబితాలు ఇంకా తిరుగుతున్నాయి. అంతరించిన ఉపకుటుంబాలకు ముందు కత్తి గుర్తు (†) పెట్టడం ఆనవాయితీ, అది చెరిపేయకండి.

అంబరు ముక్క కొని చూద్దామనుకునేవారికి ఒక మాట. ఒక చుక్క అసిటోన్ వేసి అరనిమిషం ఆగి వేలితో తాకండి. జిగటగా పట్టుకుంటే అది కోపల్, అంటే ఇంకా పూర్తిగా గట్టిపడని లేత జిగురు. ఉప్పునీళ్ళలో తేలిందని సంబరపడొద్దు. అంబరూ తేలుతుంది, కోపలూ తేలుతుంది. ఆ పరీక్ష గాజును పట్టిస్తుంది, కోపల్‌ను పట్టించదు. లోపల చీమ మరీ నిండుగా, మధ్యలో, కాళ్ళు చక్కగా చాపుకుని ఉంటే కూడా నాకైతే అనుమానమే.

పటం దగ్గరికి వస్తే, రికార్డును కనీసం నాలుగు రకాలుగా విడగొట్టాలి: స్వదేశీ, మనుషుల వెంట వచ్చి బయట స్థిరపడ్డది, ఇళ్ళలోపలే బతికేది, అనుమానాస్పదం. ఫారో చీమ (మోనోమోరియం ఫరావోనిస్) చలిదేశాల పటంలో కనబడేది వెచ్చటి భవనాల వల్ల. దాన్ని స్వదేశీ గడిలో వేస్తే ఆ దేశపు వాతావరణం గురించి మీ పటం అబద్ధం చెబుతుంది. హవాయిలో కనబడే చీమలన్నీ వచ్చినవే, స్వదేశీ జాతి ఒక్కటీ లేదు. అంటార్కిటికా, ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్‌లలోనూ స్వదేశీ చీమల్లేవు. న్యూజిలాండ్‌లో స్వదేశీవి 11. ఆస్ట్రేలియాలో ఒక్క క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోనే వెయ్యికి మించి జాతులున్నాయి. ఖాళీగా కనబడే చోటు రెండు రకాలు: వెతికితే లేనిది, ఎవరూ వెతకనిది. పక్క ప్రాంతంలో మూడొందల జాతులుండి, అదే రకం అడవి ఉన్న చోట ఇరవై కనబడితే అది రెండో రకం. రంగు వేసేటప్పుడు ఈ రెంటికీ ఒకే తెలుపు వాడకండి.

శిలాజాలు కలిపితే పటం ఎలా తిరగబడుతుందో చూడండి. ఆకులు కుట్టి గూళ్ళు కట్టే ఈకోఫిల్లాలో బతికున్నవి రెండే జాతులు: ఒకటి ఆఫ్రికాలో, ఒకటి ఆసియా, ఆస్ట్రేలియాల్లో. అయినా దాని శిలాజాలు యూరప్‌లోని బాల్టిక్ అంబరులో ఉన్నాయి. అన్యూరెటస్ సైమోని నేడు శ్రీలంకలో తప్ప ఎక్కడా లేదు, దాని ఉపకుటుంబానికి మిగిలిన ఏకైక జాతి. దాయాదులు మళ్ళీ బాల్టిక్ అంబరులోనే. లెప్టోమిర్మెక్స్ ఇంకా తమాషా. ఆస్ట్రేలియా, న్యూ గినీ, న్యూ కలెడోనియాల చీమ అనుకుంటే డొమినికన్ అంబరులో దాని శిలాజం దొరికింది. సరిపోల్చడం తప్పేమో అని అనుమానం ఉండేది. 2016లో బ్రెజిల్‌లో బతికున్న లెప్టోమిర్మెక్స్‌నే వర్ణించాక ఆ అనుమానం బలం తగ్గింది. ఇప్పుడెక్కడ ఎక్కువ జాతులున్నాయో అక్కడే పుట్టిందనుకుని బాణం గుర్తులు గీయకపోవడం మంచిది. శిలాజ బిందువులకు వేరే పొర పెట్టి, కాలాన్ని బట్టి రంగు మార్చండి, బతికున్నవాటి మీద అద్దేయకండి.

మీరే స్వయంగా సేకరించి ఖాళీ నింపాలనుకుంటే, ఆకుచెత్త చీమలకు అందరూ వాడే పద్ధతి ఉంది: 200 మీటర్ల గీత, ప్రతి 10 మీటర్లకు ఒక చదరపు మీటరు ఆకుచెత్త జల్లెడపట్టి వింక్లర్ సంచిలో (చెత్త ఆరేకొద్దీ చీమలు కింది సీసాలోకి దిగే గుడ్డ సంచి) 48 గంటలు వేలాడదీయడం, అంతే దూరాల్లో ఒక్కో గుంత ఉచ్చు (అంచు నేలమట్టంగా పాతిన గిన్నె) 48 గంటలు. మొత్తం ఇరవై సంచులు, ఇరవై ఉచ్చులు. వాన పడిన వెంటనే చెత్త ఎత్తొద్దు, తడి ముద్ద నుంచి చీమలు సరిగా దిగవు. డీఎన్‌ఏ కావాలంటే 95 శాతం ఆల్కహాల్, అదీ మొదటి రోజు తర్వాత ఒకసారి మార్చాలి, ఒంట్లోని నీళ్ళు దాన్ని పలుచన చేస్తాయి. సీసాలో వేసే చీటీ పెన్సిల్‌తోనే రాయండి, మామూలు సిరా ఆల్కహాల్‌లో కరిగి తెల్లకాగితం మిగులుతుంది. చీటీ మీద అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, పద్ధతి, ఇంటిలోపలా బయటా అన్నది తప్పనిసరి. చీమ పేరు మాత్రం ఆ చీటీ మీద వద్దు, రెండో చీటీ మీద, గుర్తించినవారి పేరుతో, గుర్తించిన సంవత్సరంతో.