ఆదివారం బ్యాకప్, గురువారం ప్రమాదం: డీబీఏ లైన్ వదిలెయ్యాలా?

ప్రశ్న: నమస్కారం మేడం. మా అమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసి, అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి మూడు నెలలు డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) కోర్సు చేసింది. ఎక్కువగా మైఎస్‌క్యూఎల్, కొంచెం ఒరాకిల్ అనే డేటాబేస్‌లు చెప్పారట. పోయిన నెల ఒక కంపెనీ ఇంటర్వ్యూలో ఆఖరి రౌండు దాకా వెళ్లింది. అక్కడ ఒకటే ప్రశ్న అడిగారట: 'ఆదివారం రాత్రి ఫుల్ బ్యాకప్, మిగతా రాత్రుల్లో ఇంక్రిమెంటల్, అంటే మారినంత వరకే తీసే బ్యాకప్. గురువారం మధ్యాహ్నం సర్వర్ పోయింది. కొత్త మెషీన్ ఇస్తాం. డేటా ఎలా తెస్తావు?' తనకు గుర్తున్న కమాండ్లు చెప్పింది. 'ఎప్పుడైనా చేశావా?' అంటే లేదంది. ఉద్యోగం రాలేదు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఇప్పుడంతా క్లౌడే చూసుకుంటుందట, ఈ లైన్‌లో భవిష్యత్తు లేదట, డేటా సైన్స్ కోర్సుకు ఫీజు కట్టమంటోంది. కట్టమంటారా? ఈ ఉద్యోగాల్లో నైట్ షిఫ్టులు ఉంటాయని కూడా అంటున్నారు. దాని గురించీ చెప్పండి.
– నల్గొండ జిల్లా నుంచి ఒక తండ్రి

జవాబు: ఇప్పుడే కట్టకండి. ఒక ఆరు వారాలు ఆగండి.

డేటా సైన్స్ మంచి చదువే. లెక్కల మీద, స్టాటిస్టిక్స్ మీద ఇష్టం ఉన్నవాళ్లకు బాగా నప్పుతుంది. మీ ఉత్తరంలో మాత్రం ఆ ఇష్టం నాకు కనిపించలేదు. ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయానన్న బాధే కనిపించింది. కెరీర్ సలహాల్లోకి రాకముందు నేను చాలా ఏళ్లు డీబీఏగా పనిచేశాను. ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చుని సరిగ్గా ఇదే ప్రశ్న ఎంతోమందిని అడిగాను. ఆఖరి రౌండులో ఆ ప్రశ్న దాకా వచ్చిందంటే మీ అమ్మాయికి మిగతావన్నీ వచ్చనే అర్థం. ఆమె దగ్గర లేనిది ఒక్కటే, చేత్తో చేసిన అనుభవం. దానికి ఇంకో కోర్సు ఫీజు అక్కర్లేదు. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఉంటే చాలు.

ఇక్కడి నుంచి మీ అమ్మాయితో మాట్లాడతాను. ఆమెకు చూపించండి.

అమ్మా, ఆ ప్రశ్నకు కమాండ్‌తో జవాబు మొదలుపెట్టకూడదు. మేం ఎదురుచూసేది నీ వైపు నుంచి వచ్చే ప్రశ్నల కోసం. బుధవారం రాత్రి బ్యాకప్ సరిగ్గా ముగిసిందా? ఆ ఫైళ్లు పోయిన సర్వర్లోనే ఉన్నాయా, ఇంకో చోట ఉన్నాయా? ప్రతి ఇంక్రిమెంటల్‌నూ ముందురోజు దాని మీద తీశారా, అన్నింటినీ ఆదివారం ఫుల్ మీదే తీశారా? ఈ ఆఖరిది అడిగిన అభ్యర్థిని చూస్తే నాకు అప్పుడే సగం నమ్మకం వచ్చేసేది. ఎందుకంటే ముందురోజు దాని మీద తీసి ఉంటే ఆదివారం దానితోపాటు సోమ, మంగళ, బుధ మూడూ కావాలి. అన్నీ ఆదివారం మీదే తీసి ఉంటే ఆదివారం, బుధవారం రెండు చాలు.

నువ్వు మైఎస్‌క్యూఎల్ నేర్చుకున్నావు కాబట్టి దానితోనే చెబుతాను. పెర్కోనా అనే సంస్థ వాళ్ల ఎక్స్‌ట్రాబ్యాకప్ అనే బ్యాకప్ టూల్ ఉచితంగా దొరుకుతుంది. డేటాబేస్ నడుస్తుండగానే అది ఫైళ్లను కాపీ చేస్తుంది. కాపీకి రెండు గంటలు పట్టిందనుకో. మొదటి ఫైలు రాత్రి పదకొండింటిది, చివరి ఫైలు ఒంటిగంటది. ఆ రెండింటికీ పొంతన కుదరదు. అందుకే కాపీ జరిగినంతసేపూ అది రీడూ లాగ్‌ను, అంటే డేటాబేస్ తన మార్పులను రాసుకునే చిట్టాను కూడా పట్టి ఉంచుతుంది. తర్వాత 'ప్రిపేర్' దశలో ఆ లాగ్‌ను ఫైళ్ల మీదికి ఎక్కించి అన్నింటినీ ఒకే క్షణానికి తెస్తుంది.

ప్రిపేర్ రెండు పనులు చేస్తుంది. పూర్తయిన లావాదేవీలను ఫైళ్లలోకి చేరుస్తుంది, సగంలో ఉన్నవాటిని వెనక్కి తిప్పుతుంది. ఇంక్రిమెంటల్ ఉన్నప్పుడు ఈ రెండో పని దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఆదివారం బ్యాకప్ ముగిసే క్షణానికి ఎవరిదో ఒక లావాదేవీ సగంలో ఉంది. మరు నిమిషంలో అది పూర్తయింది, ఆ మార్పు సోమవారం బ్యాకప్‌లోకి వచ్చింది. ఆదివారం ముక్క దగ్గరే నువ్వు దాన్ని వెనక్కి తిప్పేస్తే సోమవారం ముక్క అతకదు. అందుకే ఆదివారం, సోమవారం, మంగళవారం ముక్కలకు 'అప్లై లాగ్ ఓన్లీ' అనే ఆప్షన్ ఇస్తాం. అంటే లాగ్ ఎక్కించు, వెనక్కి మాత్రం తిప్పకు అని చెప్పడం. ఆఖరిదైన బుధవారం ముక్కకు ఆ ఆప్షన్ ఇవ్వం. అప్పుడే సగంలో మిగిలినవన్నీ రద్దయి డేటాబేస్ తెరవడానికి సిద్ధమవుతుంది. నీ కోర్సులో ఈ ఆప్షన్ పేరు చెప్పే ఉంటారు. ఎందుకో తెలిస్తే ఇక మర్చిపోవు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ప్రిపేర్ చేస్తే ఆదివారం ఫుల్ బ్యాకప్ ఉన్న ఫోల్డరే మారిపోతుంది. మధ్యలో తప్పు చేస్తే మళ్లీ మొదలుపెట్టడానికి అసలు మిగలదు. కాబట్టి ముందు అసలును పక్కన పెట్టి, దాని కాపీ మీద పనిచెయ్యి. ఒత్తిడిలో అనుభవజ్ఞులు కూడా ఈ అడుగు వదిలేసి ఏడవడం నేను చూశాను.

ముక్కలు ఒకదానికొకటి సరిపోతాయో లేదో ఎలా తెలుస్తుంది? ప్రతి బ్యాకప్ ఫోల్డర్లో ఎక్స్‌ట్రాబ్యాకప్ చెక్‌పాయింట్స్ అని చిన్న ఫైలు ఉంటుంది. అందులో రెండు ఎల్‌ఎస్‌ఎన్ నంబర్లు (ఆ లాగ్‌లోని వరుస సంఖ్యలు) చూడు, ఎక్కడి నుంచి, ఎక్కడి దాకా అని. ఆదివారానిది సున్నా నుంచి మొదలవుతుంది. ఆదివారం ఎక్కడ ముగిసిందో సోమవారం అక్కడ మొదలవ్వాలి. రైలు పెట్టెల కొక్కేల్లాగా వరుసగా తగులుకోవాలి. మంగళవారం పెట్టె ఊడితే బుధవారం పెట్టె ఎంత బాగున్నా కదలదు.

ఇక వేరే మెషీన్ సంగతి. అసలు కష్టం ఇక్కడే ఉంది. నేను మొదటిసారి కొత్త సర్వర్ మీద రీస్టోర్ చేసింది ఒక చిన్న సంస్థలో, రాత్రి రెండు గంటలకు. కాపీ అంతా అయ్యాక మైఎస్‌క్యూఎల్ లేవలేదు. చూస్తే ఫైళ్లన్నీ రూట్ (లైనక్స్‌లో అన్ని అధికారాలూ ఉన్న యూజర్) పేరు మీద ఉన్నాయి. ఓనర్‌షిప్‌ను మైఎస్‌క్యూఎల్ యూజర్‌కు మార్చాను. అప్పటికీ లేవలేదు. టేబుల్ పేర్లలో చిన్న, పెద్ద అక్షరాల తేడా పట్టించుకోవద్దన్న సెట్టింగ్ పాత సర్వర్లో ఉంది, కొత్తదాంట్లో లేదు. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి ఈ సెట్టింగ్ మొదట పెట్టినట్టే ఉండాలి. తేడా వస్తే సర్వర్ లేవనంటుంది. అది ఉండేది కాన్ఫిగ్ ఫైల్లో, ఆ ఫైలు బ్యాకప్‌తో రాదు. పాత సర్వర్‌తోపాటే పోయింది. లాగ్ చదివి కారణం పట్టేసరికి తెల్లారింది. అప్పటి నుంచి కాన్ఫిగ్ ఫైలును, ఎన్‌క్రిప్షన్ ఉంటే దాని కీని బ్యాకప్‌లతో సమానంగా వేరే చోట దాచమని అందరికీ చెబుతూ వస్తున్నాను.

వెర్షన్లు కూడా చూసుకో. మైఎస్‌క్యూఎల్ 5.7కు ఎక్స్‌ట్రాబ్యాకప్ 2.4 వాడాలి, 8.0కు 8.0 వాడాలి. ఒకదానిది ఇంకోదానికి పనికిరాదు. కాపీ చేసేముందు కొత్త మెషీన్లో డేటా డైరెక్టరీ ఖాళీగా ఉండాలి, సర్వీస్ ఆపి ఉండాలి. ఎస్‌ఈలైనక్స్ (లైనక్స్‌లో అదనపు భద్రతా ఏర్పాటు) ఉన్న మెషీన్ అయితే ఫైళ్ల లేబుళ్లు కూడా సరిచెయ్యాలి.

ఇంతా చేస్తే వచ్చింది బుధవారం రాత్రి వరకే. గురువారం మధ్యాహ్నం దాకా జరిగిన పని ఏమైంది? ఆ ప్యానెల్ నీ నోటి నుంచి వినాలనుకున్నది ఇదే అనుకుంటున్నాను. ఆ మధ్యలోని గంటలను బిన్‌లాగ్ నుంచి, అంటే డేటాలో జరిగిన మార్పులను మైఎస్‌క్యూఎల్ వరుసగా రాసే ఫైళ్ల నుంచి తేవాలి. బిన్‌లాగ్‌లో ఏ చోటు దాకా బ్యాకప్ వచ్చిందో బ్యాకప్ ఫోల్డర్లోనే రాసి ఉంటుంది. అక్కడి నుంచి ప్రమాదానికి ముందు క్షణం వరకు చదివించి ఎక్కించాలి. బిన్‌లాగ్‌లు కూడా ఆ సర్వర్లోనే ఉండి పోయి ఉంటే ఆ గంటల పని పోయినట్టే. ఆ మాట పైవాళ్లకు దాచకుండా, ఎన్ని గంటల డేటా పోయిందో లెక్కతో చెప్పగలగాలి. ఆ ధైర్యం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

ఒరాకిల్ చదివావు కాబట్టి ఒక్క విషయం. ఒరాకిల్ బ్యాకప్ టూల్ ఆర్‌మ్యాన్‌లో 'ఫుల్' బ్యాకప్‌కూ, 'లెవెల్ జీరో' బ్యాకప్‌కూ లోపలి డేటా ఒకటే. కానీ ఫుల్ మీద ఇంక్రిమెంటల్ నిలబడదు, లెవెల్ జీరో మీదే నిలబడుతుంది. ఇది చాలా చోట్ల అడుగుతారు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అయితే చివరి ముక్కకు ముందు వరకు అన్నింటినీ 'నో రికవరీ'తో, అంటే ఇంకా తెరవకు అని చెబుతూ రీస్టోర్ చేస్తూ పోవాలి, డేటాబేస్ వచ్చాక లాగిన్‌లు తెగిపోయిన యూజర్లను సరిచెయ్యాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఇంక్రిమెంటల్ బ్యాకప్ 2024లో వచ్చిన 17వ వెర్షన్‌తో సొంతంగా చేరింది. పేర్లు మారినా లోపలి ఆలోచన అన్నిటికీ దగ్గరదే. ముందు ఒక్కదాంట్లో చెయ్యి తిరగనీ.

ఇదంతా ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగింది చూడు. రాత్రి పొద్దుపోయాక అలసిపోయి పనిచేస్తున్న ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌ను తుడిచేశారు. బ్యాకప్‌లు తీసే ఏర్పాట్లు ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. వెతికితే పనికొచ్చేవి దొరకలేదు. వాళ్ల డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, బ్యాకప్ తీస్తున్న టూల్ 9.2. వెర్షన్ కుదరక అది రోజూ విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లు కూడా మధ్యలోనే తిరస్కరణకు గురవుతున్నాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. చివరికి టెస్టింగ్ కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసుకున్న స్నాప్‌షాట్ (ఆ క్షణపు డేటా కాపీ) వాళ్లను కాపాడింది. జరిగిందంతా వాళ్లే బయటపెట్టారు. ఆ నివేదిక నెట్‌లో ఉంది, మొత్తం చదువు. వేరే మెషీన్ మీద ఒక్కసారి రీస్టోర్ చేసి చూసి ఉంటే ఆ లోపం ఎప్పుడో బయటపడేది.

ఇప్పుడు నీ ఆరు వారాల పని. ఒకే ల్యాప్‌టాప్‌లో వేరే మెషీన్లను నడిపించే వర్చువల్‌బాక్స్‌లో రెండు లైనక్స్ మెషీన్లు పెట్టుకో, ఒక్కోదానికి రెండు జీబీ ర్యామ్ చాలు. మైఎస్‌క్యూఎల్ వాళ్ల 'ఎంప్లాయీస్' నమూనా డేటాబేస్ మొదటి మెషీన్లో ఎక్కించు. అందులో ఆరు టేబుళ్లు, సుమారు నలభై లక్షల వరుసలు ఉంటాయి. దాని పక్కన నువ్వే ఇంకో చిన్న టేబుల్ చేసి, నిమిషానికోసారి అప్పటి టైము ఒక వరుసగా పడేలా పెట్టు. ఇది నేను నా దగ్గర నేర్చుకున్నవాళ్లందరితో చేయించాను. రీస్టోర్ అయ్యాక ఆ టేబుల్లో చివరి వరుస చూస్తే ఎక్కడి దాకా డేటా వచ్చిందో నిమిషంతో సహా తెలుస్తుంది.

మొదటి వారం ఫుల్ ఒక్కటే తీసి రెండో మెషీన్లోకి తేవడం. తర్వాత ఇంక్రిమెంటల్ కలపడం. అలవాటయ్యాక కావాలని తప్పులు చెయ్యి. మంగళవారం ఫోల్డర్ తీసెయ్యి, ఆదివారం ముక్కకు 'అప్లై లాగ్ ఓన్లీ' ఇవ్వకుండా చూడు, ఓనర్‌షిప్ మార్చకుండా సర్వీస్ స్టార్ట్ చెయ్యి. వచ్చిన ఎర్రర్‌ను, దాన్ని ఎలా దాటావో నోట్‌బుక్‌లో రాసుకో. ప్రతిసారీ ఎంతసేపు పట్టిందో కూడా రాయి. కంపెనీలు అడిగే ఆర్‌టీఓ, ఆర్‌పీఓ అంటే ఇవే. ఎంతసేపట్లో తేగలవు, ఎంత డేటా పోతుంది. నీ నోట్‌బుక్‌లో నీ సొంత అంకెలు ఉంటే 'ఎప్పుడైనా చేశావా?' అన్నప్పుడు తడుముకోవు.

క్లౌడ్ అంతా చూసుకుంటుందన్నావు. బ్యాకప్ తీయడం అది చూసుకుంటుంది, నిజమే. అమెజాన్ వాళ్ల క్లౌడ్ డేటాబేస్ సేవ ఆర్‌డీఎస్‌లో ఆటోమేటిక్ బ్యాకప్‌లను 35 రోజుల వరకు ఉంచుకోవచ్చు. కానీ అక్కడ రీస్టోర్ చేస్తే పాతదాని మీదికి రాదు, కొత్త అడ్రస్‌తో కొత్త డేటాబేస్ లేస్తుంది. అప్లికేషన్‌ను దానివైపు తిప్పడం, సెట్టింగులు, అనుమతులు సరిపోయాయా చూడడం, ఏ నిమిషానికి రీస్టోర్ చెయ్యాలో నిర్ణయించడం మనిషి పనే. అక్కడా వేరే మెషీన్ మీద రీస్టోరే. కాబట్టి ఇప్పుడు నేర్చుకునేది వృథా పోదు. దీనిమీద లైనక్స్, కొంచెం షెల్ స్క్రిప్టింగ్, తర్వాత ఒక క్లౌడ్ చేర్చుకో.

మళ్లీ మీతో మాట్లాడతాను సార్. నైట్ షిఫ్టులు ఉంటాయి, దాచను. డేటాబేస్‌లు ఇరవై నాలుగు గంటలూ నడవాలి. కొత్తగా చేరినవాళ్లను సాధారణంగా ప్రొడక్షన్ సపోర్ట్‌లోనో, మానిటరింగ్‌లోనో వేస్తారు. షిఫ్టులు వంతులవారీగా మారుతుంటాయి. నేరుగా డీబీఏ అన్న పేరుతో ఫ్రెషర్లకు పిలుపులు తక్కువ కాబట్టి, బ్యాకప్ అడ్మిన్, అప్లికేషన్ సపోర్ట్ ఉద్యోగాలకు కూడా అప్లై చేయించండి. అక్కడి నుంచి లోపలికి రావడం తేలిక. ఆఫర్ చేతికి వచ్చాక రాత్రి షిఫ్టుకు ఇంటి నుంచి క్యాబ్ ఇస్తారా, దాంట్లో సెక్యూరిటీ ఉంటారా, నెలకు ఎన్ని రాత్రులు అని అమ్మాయి చేతనే అడిగించండి. అలా అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. ఇంటి నుంచే కాల్ అందుకునే పద్ధతి ఉన్న చోట్లు కూడా ఉన్నాయి.

ఈ ఆరు వారాలూ హాస్టల్ ఖర్చు భారమైతే ఆమె ఇంట్లో ఉండి కూడా ఈ పని చేసుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో నాలుగు జీబీ ర్యామే ఉంటే మాత్రం కోర్సు ఫీజుకు దాచిన దాంట్లోంచి కొంత తీసి ర్యామ్ పెంచండి. ఆరు వారాల తర్వాత కూడా ఆమెకు డేటా సైన్సే కావాలనిపిస్తే, అప్పుడు మళ్లీ రాయండి, ఏ కోర్సు, ఎక్కడ అన్నది కూర్చుని చూద్దాం. ఆ ఉత్తరంలో ఆమె నిమిషాల టేబుల్లో కనిపించిన చివరి వరుస టైము కూడా రాయమనండి.