గొడ్డుకారంలో గొడ్డు ఎక్కడిది?

సందేహం: మాది గుంటూరు జిల్లా పల్లెటూరు. ఉద్యోగం చేసి హైదరాబాదులో స్థిరపడ్డాను. మనవల కోసం చిన్ననాటి సంగతులు రాసుకుంటున్నాను. 'నెలాఖరు వస్తే మా ఇంట గొడ్డుకారమే కూర' అని రాస్తే, బెంగళూరులో ఉన్న మా అబ్బాయి చదివి, 'గొడ్డు అంటే పశువు కదా నాన్నా, చదివేవాళ్లు ఇంకోలా అనుకుంటారు, ఎర్రకారం అని మార్చెయ్యండి' అన్నాడు. మా కోడలిది జనగామ. 'చద్దన్నం తిని బడికి పోయేవాళ్లం' అన్న వాక్యం దగ్గర ఆగి, 'సద్ది అంటే కట్టుకపోయేది గద మామయ్యా, తిని పోవుడేంది?' అంది. 'అమ్మ అత్తెసరు పెట్టేది' అంటే మనవడు పరీక్ష మార్కులనుకున్నాడు. ఇంట్లోనే ఇన్ని పేచీలొస్తే ఎలా? నేను ఏ మాట ఉంచాలి, ఏ మాట మార్చాలి?

సమాధానం: గొడ్డుకారాన్ని మాత్రం మార్చకండి. ఎర్రకారం అని రాశారంటే మీ వాక్యంలోంచి నెలాఖరు ఎగిరిపోతుంది. ఎర్రకారం దోశ మీద పూసుకునే రుచి. గొడ్డుకారం ఇంట్లో ఇంకేమీ లేనప్పటి సంగతి.

తెలుగులో గొడ్డులు రెండున్నాయి. రాయడానికీ పలకడానికీ ఒకటే, అర్థంలో దేని దారి దానిది. మొదటిది పశువు. గొడ్డూ గోదా, గొడ్లచావిడి, గొడ్డుచాకిరీ, గొడ్డును బాదినట్టు బాదడం, ఇవన్నీ దాని సంతానం. రెండోది విశేషణం. ఫలించనిది, ఏమీ లేనిది, వట్టిది అని దాని అర్థం. 'అంతకు మించిన సంబంధం దొరక్కపోదు, దేశమేం గొడ్డుపోలేదు' అంటారే, ఆ గొడ్డు ఇదే. మీ అమ్మగారి కారం ఈ రెండో ఇంటిది. కారం ఉంది, ఉప్పు ఉంది, వాటికి తోడు ఏదీ లేదు. అందుకని గొడ్డు.

దీనికి పాత సాక్ష్యం కావాలంటే వేమన దగ్గరే ఉంది. గొడ్డుటావును పితుకుదామని కుండ పట్టుకుపోతే పళ్లూడేలా తంతుంది గాని పాలివ్వదు, లోభిని అడగడమూ అంతే అన్నాడు. గొడ్డు అంటే పశువే అయితే గొడ్డుటావు అన్న మాట 'పశువు పశువు' అన్నట్టు అవుతుంది. అలా ఎవరూ అనరు. ఈనని ఆవు కాబట్టి గొడ్డుటావు. మధ్యలో ఆ 'ట' ఏమిటని అడుగుతారేమో, అది టుగాగమం. చిగురుటాకులో వచ్చినట్టే కర్మధారయంలో ఉకారం మీద అచ్చు వస్తే వచ్చి కూర్చుంటుంది.

వ్యాకరణం మాటొచ్చింది కాబట్టి ఇంకొక్కటి చెప్పి వదిలేస్తాను. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి రుగాగమానికి ఒక సూత్రం చేశాడు. పేద అన్న మాట మీద ఆలు వస్తే పేదరాలు అవుతుంది. ఇలా 'రు' చేరే మాటల జాబితాకు పేదాదులు అని పేరు పెట్టాడు. ఆ జాబితాలో పేద ఉంది, బీద ఉంది, గొడ్డు కూడా ఉంది. సూరి అక్కడ చూసింది సంధినే, సంసారాన్ని కాదు. అయినా పేద, బీద, గొడ్డు ఒకే బంతిలో కూర్చున్న ఆ సూత్రం కంటపడినప్పుడల్లా నాకు మా ఇంటి వంటగది గుర్తొస్తుంది. (అదే సూత్రం కింద వచ్చే గొడ్రాలు అన్న మాటను ఇవాళ ఏ ఆడమనిషినీ అనకూడదు. నిఘంటువులో ఉంటే చాలు.)

ఇక మీ అబ్బాయికి చూపించాల్సిన సాక్ష్యం ఆయన ఉంటున్న ఊళ్లోనే ఉంది. కన్నడంలోనూ గొడ్డు అంటే ఫలించనిది, వట్టిది. పప్పు వేయకుండా చింతపండు పులుసుతో కాచే పలచటి చారును కన్నడిగులు గొడ్డు సారు అంటారు. పక్కింటివాళ్లను అడిగితే వాళ్లే చెబుతారు. అందులో పశువూ లేదు, మాంసమూ లేదు. లేనిదల్లా పప్పే.

అసలు గొడ్డుకారం ఎలా తినేవాళ్లమో మీరు రాశారో లేదో తెలియదు. రాయకపోతే రాయండి. అది తెలియనివాడికి ఎంత వివరించినా మాట అందదు. మా ఇంట్లో అన్నం పొయ్యి దిగీ దిగగానే సత్తుకంచంలో కుప్పగా పెట్టేవారు. ఆ కుప్ప నడినెత్తిన వేలితో చిన్న గుంట చేసుకోవాలి. అమ్మ అందులో కారం, ఉప్పు వేసేది. తర్వాత నూనె సీసా వచ్చేది. దాని మూతికి బొటనవేలు అడ్డం పెట్టి ఒంపేది కాబట్టి నూనె ధారగా కాదు, బొట్లుగా పడేది. నాకు రెండు, తమ్ముడికి మూడు. వాడు చిన్నవాడట. ఆ బొట్లు కారంలోకి ఇంకి అది తడి ఎరుపు తిరిగేదాకా చూస్తూ కూర్చుని, అప్పుడు చుట్టూ ఉన్న వేడన్నాన్ని లోపలికి తోసి కలిపేవాళ్లం. ఘాటుకు ముక్కు కారేది. మధ్యలో నీళ్లు అడిగితే 'తాగితే కడుపు నిండిపోతుంది, అన్నం తిను' అనేది అమ్మ. మాకు మంచినీళ్లు కూడా లెక్కే అనుకునేవాణ్ని. ఆవిడ చూసుకున్న లెక్క వేరని తర్వాతెప్పుడో అర్థమైంది.

ఈమధ్య కొన్ని హోటళ్లలో గొడ్డుకారం అని జీలకర్ర, వెల్లుల్లి, వేయించిన పుట్నాలు కలిపిన పొడి పెడుతున్నారు. బాగుంటుంది, నేనూ రెండోసారి అడిగి వేయించుకున్నాను. కానీ భాషాపరంగా అది గొడ్డు కాదు. అంత పరివారాన్ని వెంటబెట్టుకుని వచ్చేదాన్ని గొడ్డు అనడమేమిటి?

గొడ్డుకారానికి కొరవైన ఆ తోడుకు కూడా తెలుగులో ఒక చక్కటి పేరుంది. అన్నంలోకి కలుపుకునే, నంజుకునే కూరా పచ్చడీ వగైరాలను ఆదరువు అంటారు. 'ఆదరువు లేకుండా ముద్ద దిగదు' అనేవారు పెద్దవాళ్లు. ఆదరువు అంటే ఆసరా కూడా. ఊతకర్ర లేక నిలబడలేనివాణ్ని ఏ మాటతో చెబుతామో కూర లేని అన్నాన్నీ ఆ మాటతోనే చెప్పుకున్నాం. నలుగురు పిల్లలకు ఒకే కోడిగుడ్డు ఉడకబెట్టి, కత్తితో కోస్తే పచ్చసొన కత్తికి అంటుకుపోతుందని, కుట్టుదారం చుట్టి లాగి నాలుగు ముక్కలు చేసిన అమ్మలున్నారు. ఆ పావు ముక్క ఒక పూట అన్నానికంతా ఆదరువు. దాన్ని ఎవరూ మొదట్లో తినరు. కంచం అంచున పెట్టుకుని, అన్నమంతా అయ్యేదాకా దానివంక చూస్తూ తింటారు. మీ రాతలో ఎక్కడైనా 'సైడ్ డిష్' అని పడి ఉంటే అక్కడ మాత్రం మార్చి ఆదరువు అని రాయండి.

ఇప్పుడు చద్ది. ఇక్కడ మీరూ మీ కోడలూ ఇద్దరూ ఒప్పే. ఒప్పుల్లో పెద్దదీ చిన్నదీ ఎంచాల్సి వస్తే నా మొగ్గు మీ కోడలి వైపు.

చలి, చల్ల, చల్లన అన్న మాటల కుదుర్లోనే చలిది పుట్టింది. చల్లారిన అన్నం అని అర్థం. చలిది కాస్తా చల్ది అయింది, చల్ది చద్ది అయింది. మీ వైపు ఆ 'చ'ను పళ్ల సందున పలుకుతారు. అది ఇంకాస్త జారితే 'స'. చదువు సదువైనట్టే చద్ది సద్ది. ఇందులో అపభ్రంశమేమీ లేదు, నాలుక నడిచిన దారి అది. గమనించాల్సిందేమంటే ఈ మాటలో చల్లదనం ఉంది గాని పాచి లేదు. రాత్రి మిగిలిందన్న అర్థం తర్వాత కోస్తాలో గట్టిపడింది. పొద్దున్నే పొయ్యి వెలిగించే స్తోమత లేని ఇళ్లలో చల్లటి అన్నం అంటే రాత్రి అన్నమే కాబట్టి ఆ రెండూ ఒకటైపోయాయి. చివరికి పొద్దున తినే వేళకే చద్దివేళ అని పేరు పడింది.

తెలంగాణలో మాట ఇంకో మలుపు తిరిగింది. చల్లారిన అన్నాన్నే మూటకట్టి పొలానికి తీసుకుపోతారు గనక, తీసుకుపోయేదంతా సద్ది అయింది. సద్ది కట్టుడు, సద్ది మూట, ఇప్పుడు సద్ది డబ్బా. బతుకమ్మ చివరి రోజును సద్దుల బతుకమ్మ అంటారు. పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది చేసి పట్టుకుపోయి, ఆట అయ్యాక పంచుకు తింటారు. అందులో రాత్రి మిగిలిన మెతుకు ఒక్కటి ఉండదు, అన్నీ అప్పుడు వండినవే. 'పెద్దల మాట చద్దిమూట' అన్న సామెతకూ ఈ అర్థమే సరిపోతుంది. చద్ది అంటే పాసిపోయిందే అయితే అది పెద్దలను తిట్టినట్టవుతుంది! ఆకలివేళ అక్కరకొచ్చే మూట కాబట్టి పెద్దల మాటకు సాటి వచ్చింది. అదే 'చద్దన్నం తిన్నమ్మ మొగుడాకలి ఎరగదు' అన్నచోట మీ అర్థం సరిగ్గా నప్పుతుంది. ఆవిడ పొద్దున్నే ఇంట్లో తినేసింది.

నా మొగ్గు కోడలి వైపు అన్నది పోతన వల్ల. భాగవతంలో గోపబాలురు లేగలు కాసుకుంటూ అడవిలో చల్దులు కుడుస్తారు. కృష్ణుడు 'మీగడపెరుగుతో మేళవించిన చల్దిముద్ద' ఎడమచేత పట్టుకుని, కొసరి తెచ్చుకున్న ఊరగాయలను వేళ్ల సందుల్లో ఇరికించుకున్నాడు. అది ఇంటి నుంచి కట్టుకొచ్చిన చల్ది, అంటే మీ కోడలి సద్దే. పోతన ఊరు బమ్మెర ఇప్పుడు జనగామ జిల్లాలోనే ఉంది, ఆమె ఆ మాట పట్టుకుని నిలదీయడంలో వింతేముంది? (ఒంటిమిట్టవారు పోతన మావాడంటారు. ఆ తగువులోకి నేను రాను.) ఊరగాయ ముక్కను వేళ్ల సందున పెట్టుకోవడం మాత్రం ఏ జిల్లా వాళ్లమైనా చేసిందే. కంచంలో పెట్టుకుంటే పక్కవాడు లాగేస్తాడు.

మీ వాక్యం అలాగే ఉంచండి. మీరు తినే పోయారు, కట్టుకుని పోలేదు. పక్కన కోడలి మాట కూడా రాయండి, మీ మనవలు రెండూ నేర్చుకుంటారు. ఒక్క జాగ్రత్త: కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు సద్దరొట్టె అంటే ఈ సద్ది కాదు. అవి సజ్జలు. అలాగే కుండలో గంజీ నీళ్లూ పోసి పులియబెట్టి, అందులో అన్నం వేసుకుని తిన్నది తరవాణి. దాన్ని చద్ది అంటే ఒప్పుకోని అమ్మమ్మలు ఇంకా ఉన్నారు.

అత్తెసరు సంగతి చిన్నది. గంజి వార్చే పని లేకుండా, అన్నంలోనే ఇంకిపోయేట్టు కొలిచి పోసే ఎసరు అత్తెసరు. నీళ్లు ఒక గరిటె తగ్గితే పలుకు, అడుగంటు. సరిగ్గా సరిపోవాలి, మిగలకూడదు. పాసుకు సరిపడా వచ్చి ఒక్కటి కూడా మిగలని మార్కులు అత్తెసరు మార్కులైంది అందుకే. మీ మనవడికి మార్కులు ముందు తెలిశాయి, ఎసరు తర్వాత తెలిసింది. కుక్కరు వచ్చాక రోజూ ఇంట్లో పెట్టేది అత్తెసరే అని చెప్పి చూడండి. గంజి వార్చే ఇళ్లలో మాత్రం అన్నం అయ్యాక ఇంకో ఆహారం మిగిలేది. ఉప్పు వేసి పిల్లలకు ఒక గ్లాసు, మిగతాది అమ్మ నేత చీరకు. ఆ చీర ఫెళఫెళమంటుంటే ఇంట్లో మేమెవరమో ఒకరం ఆ పూట గంజి తాగలేదన్నమాట.

గొడ్డుకారం కలిపి రాయాలా విడదీయాలా అన్నది మీరు అడగలేదు గాని, మీ ఉత్తరంలో ఒకచోట కలిసింది, ఒకచోట విడిపోయింది. సమాసం కాబట్టి కలిపే రాయండి. విడదీస్తే మీ అబ్బాయి మళ్లీ గొడ్డును విడిగా చూస్తాడు. ఇంకొకటి కూడా మీరు అడగలేదు: నూనె బొట్టు పడ్డాక అది గొడ్డుకారం అవుతుందా? మాట అర్థాన్ని కచ్చితంగా పట్టుకుంటే కాదు. మా ఇంట్లో అయ్యేది. మూడు బొట్లు పడిన మా తమ్ముడి కంచంలోది మాత్రం గొడ్డుకారం కాదని నేను అప్పుడే వాదించాను.