2014 సోచిలో మనవాళ్లు త్రివర్ణ పతాకం లేకుండా ఎందుకు నడిచారు?

అప్పటికి భారత ఒలింపిక్ సంఘం సస్పెన్షన్‌లో ఉంది కాబట్టే సోచి వింటర్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో మన ముగ్గురు క్రీడాకారులు ఐదు వలయాల ఒలింపిక్ జెండా వెనక నడవాల్సి వచ్చింది. ఒలింపిక్స్‌కు జట్టును పంపేది ప్రభుత్వం కాదు, ఆ దేశపు ఒలింపిక్ సంఘం. మన సంఘం ఎన్నికలు ఒలింపిక్ చార్టర్ (ఒలింపిక్స్ నియమావళి) ప్రకారం జరగడం లేదంటూ అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2012 డిసెంబరులో వేటు వేసింది.

మంచు ట్రాక్ మీద స్లెడ్‌ (జారుడు బండి)పై వెల్లకిలా పడుకుని దూసుకెళ్లే ల్యూజ్ ఆటగాడు శివ కేశవన్‌నే చూడండి. ఫిబ్రవరి 9న సంఘానికి మళ్లీ ఎన్నికలు పెట్టారు, 11న వేటు ఎత్తేశారు. పాపం, అప్పటికే ఆయన పోటీ అయిపోయింది! మిగతా ఇద్దరూ మాత్రం భారత్ పేరు మీదే ఆడారు.

డోపింగ్ (నిషేధిత మందుల వాడకం) వల్ల ఇలా అయిందని చాలామంది అనుకుంటారు. కాదు, వేటు పడింది సంఘం మీద, ఆటగాళ్ల మీద కాదు.