పడితే పడనివ్వు

అల్లుడూ,

మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి "నీ మేనల్లుడు ఏదో ఇనుప రేజరు కొన్నాడంట, పీక కోసుకుంటాడో ఏమో" అంది. పైకి నవ్వాను గానీ అప్పటినుంచీ మనసు మనసులో లేదు. బ్రష్షూ, నురగా, రెండంచుల బ్లేడూ మన ఇంట్లో నాతోనే ఆఖరనుకున్నా. నువ్వు అందుకున్నావంటే గర్వంగానే ఉంది. కాకపోతే నూరు గ్రాముల పైన తూగేది, పైగా నంబర్లు తిప్పేది. అదీ ఆ మియాపూర్ హాస్టల్ ఇరుకు బాత్‌రూంలో!

నంబరు 1 మీదే మొదలుపెట్టు. తిప్పేకొద్దీ బ్లేడుకూ కింది కడ్డీకీ మధ్య సందు పెరిగి, చర్మానికి పదును ఎక్కువ తగులుతుంది. నెలలోపు 3కి పోయావంటే నాతో మాట్లాడకు. స్నానం చేశాకే గీసుకో. వెంట్రుక వాలిన వైపే లాగు, ఎదురు గీతలు తర్వాత చూద్దాం. బోరు నీళ్లకు నురగ సరిగా రాదు, మంచినీళ్ల కేన్‌లోంచి ఒక గ్లాసు తీసుకో. నొక్కకు. తల మార్చుకునే కార్ట్రిడ్జి రేజరుతో నొక్కి నొక్కి అలవాటైన చెయ్యి నీది, ఇక్కడ ఆ పని బరువే చేస్తుంది. తెగితే పటిక ఉంది.

ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది.

మీ పెద్దమ్మ కూతురి పెళ్లినాడు, నీకప్పుడు ఆరేళ్లు, దుబాయ్ నుంచి స్నేహితుడు తెచ్చిన అలాంటి రేజరే తీశాను. ముహూర్తం తెల్లవారుజామున. బయట "మామా, గంప, గంప" అని కేకలు. చేతినిండా సబ్బు. పిడి జారింది. కింద పడితే సొట్టపోతుందని ఒడిసి పట్టుకున్నాను. పిడి అనుకుని పట్టింది బ్లేడున్న తలకాయని.

నాలుగు కుట్లు. పిల్లని గంపలో మోసుకెళ్లాల్సిన మేనమామని, చేతికి కట్టుతో పక్కన నడిచాను. నా బదులు మీ చిన్నమామ పట్టాడు. మండపం దాకా ఆ పిల్ల గంపలోంచి నన్నే చూస్తూ ఉంది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ కుట్లకన్నా ఎక్కువ నొప్పి. ఉంగరం వేలు ఈ రోజుకీ పూర్తిగా ముడవదు.

అందుకని, పడితే పడనివ్వు. వస్తువు పోతే ఇంకోటి కొనిస్తా. కాళ్లు వెనక్కి తీసుకో, అంతే. పిడి పట్టే ముందు చెయ్యి తుడుచుకో, మధ్యలో కూడా తుడుచుకో, భుజం మీద తువ్వాలు అందుకే. బ్లేడు మార్చేటప్పుడు పదును లేని పొట్టి అంచులు పట్టుకో, తువ్వాలుతో తుడవకు, నీళ్లతో కడిగి వదిలెయ్. పాత బ్లేళ్లు చెత్త కవర్లో పడెయ్యకు, చెత్త ఏరే అమ్మాయికీ చేతులుంటాయి. మూతకు చీలిక పెట్టిన పాత పౌడర్ డబ్బా ఒకటి పంపుతున్నా, అందులో వేస్తూ ఉండు.

ఆఫీసుకు ఆలస్యమైన రోజు గడ్డంతోనే వెళ్లు. నీకు గడ్డం బాగానే ఉంటుంది, మీ తాత పోలిక.

ఆదివారం రేజరు పట్టుకుని చిక్కడపల్లి రా. మొదటి షేవింగ్ నా ముందు చెయ్. ఈ ఉత్తరం మాత్రం మీ అమ్మకు చూపించకు, నేను కొబ్బరికాయ కొడుతూ చెయ్యి కోసుకున్నానని ఆవిడ ఇప్పటికీ నమ్ముతోంది.

మీ మామయ్య