టెక్ సందేహాలు: ఇంటిపేరు కొడితే ఊరంతా వస్తోంది

కార్తీకమాసం వెళ్ళిన దగ్గర్నుంచీ ఇదే ప్రశ్న. పాలకొల్లు పక్క నుంచి ఒకరు, రాజోలు నుంచి ఒకరు, అమలాపురంలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడినవాళ్ళు ముగ్గురు. అందరి గోడూ ఒకటే కాబట్టి పాలకొల్లు ఆయన ఉత్తరమే ఇస్తున్నాను: "మా ఇంటిపేరు గోదావరికి అటూ ఇటూ ప్రతి ఊళ్ళోనూ ఉందండి. వంశవృక్షం యాప్‌లో మా ముత్తాతగారి పేరు కొడితే స్క్రీన్ నిండా అదే పేరు. అందులో మావారెవరో తేలట్లేదు. ప్రీమియం తీసుకోమంటారా?"

వద్దండి. డబ్బు కడితే అదే పేరున్నవాళ్ళు మరికొందరు కనిపిస్తారు, అంతే.

అసలు ఆ యాప్‌కి మన పేరు చదవడమే రాదు. మనకి ఇంటిపేరు ముందుంటుంది. ఫారంలోనేమో 'లాస్ట్ నేమ్' అనే గడి ఉంటుంది. చాలామంది పేరులోని ఆఖరి మాట తీసుకెళ్ళి అందులో పడేస్తారు. ఇక యాప్ దృష్టిలో సత్యనారాయణ, రాజు, రావు అన్నవే ఇంటిపేర్లు. సొంత అన్నదమ్ములు వేరే వంశాలవుతారు, ముక్కూ మొహం తెలియని ఇద్దరు సత్యనారాయణలు దాయాదులవుతారు. పైగా అన్నవరం సత్యదేవుడి పుణ్యమా అని మన వైపు ఏ బడి హాజరుపట్టీ తీసినా వీర వెంకట సత్యనారాయణలకి కొదవుండదు. కాగితం మీద అంత పేరున్న పెద్దాయన్ని ఊళ్ళో అందరూ 'అబ్బులు' అనే పిలిచి ఉంటారు.

ఇంతకన్నా చిరాకు పెట్టేది 'ఇవన్నీ మీవాళ్ళే కావచ్చు, అన్నీ కలపండి' అనే బటన్. ఒక్క నొక్కుతో రెండు కుటుంబాలు కలిసిపోతాయి, విడదీయాలంటే మాత్రం ఒక్కొక్కరినీ విడిగా తీయాలి. ఇలాంటి బటన్ పెట్టినవాళ్ళని ఏమనాలో తెలియదు. చూడకుండా నొక్కినవాళ్ళని మాత్రం అంటాను.

రాజోలు పాఠకుడు పంపిన దస్తావేజు ఫొటో చూడండి. అందులో 'శుభకృత్ నామ సంవత్సరం' అని ఉంది. ఆయన 1962 అని ఎక్కించారు. శుభకృత్ 1902లోనూ వచ్చింది. తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ ఎలాగూ ఉంది కదా, యాప్ ఇద్దరినీ ఒకే మనిషిని చేసి కూర్చుంది. స్టాంపు మీద ఉన్నది మన సింహాలా, బ్రిటిష్ కిరీటమా అని ఫొటోని కాస్త పెద్దది చేసి చూస్తే చాలు. కిరీటమే ఉంది.

జిల్లా గడిదీ ఇదే గొడవ. 1910లో నరసాపురంలో పుట్టినాయన కృష్ణా జిల్లాలో పుట్టినట్టు లెక్క. 1925 నుంచి ఆ ఊరు పశ్చిమ గోదావరి. అమలాపురం అప్పటిదాకా గోదావరి జిల్లా, 1925లో తూర్పు గోదావరి, 2022 నుంచి కోనసీమ. యాప్ జాబితాలో ఇప్పటి జిల్లాలే ఉంటాయి కాబట్టి పాత కాగితంలోని మనిషి పరాయివాడిలా కనిపిస్తాడు. ఊరి పేరు మాత్రం ఉంచి జిల్లా గడి ఖాళీగా వదిలేయండి.

మరి ముత్తాతని పట్టుకోవడం ఎలా? పేరుని వదిలి హద్దులు పట్టుకోండి. పాత దస్తావేజులో తూర్పున ఫలానావారి చేను, దక్షిణాన పంటబోదె, పడమర పుంత, ఉత్తరాన ఫలానావారి దిబ్బ అని రాసి ఉంటుంది. మీ ఇంటిపేరు వందమందికి ఉండొచ్చు. ఆ హద్దుదార్లూ ఆ సాక్షులూ ఆ బోదే కలిసి ఇంకోచోట ఉండవు. తర్వాతి దస్తావేజులోనూ వాళ్ళో వాళ్ళ కొడుకులో కనిపిస్తే దారి సరైనదే. ఆన్‌లైన్ ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే దొరుకుతుంది, దాన్ని సర్వే నంబరుతో తీయండి. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళక తప్పదు.

ఇంకొకటి ఇంట్లోనే ఉంది. తద్దినం తిథి. పెద్దాయన పోయిన సంవత్సరం ఎవరికీ గుర్తుండకపోయినా 'మాఘ బహుళ ఏకాదశి' అని మీ నాయనమ్మ ఠక్కున చెబుతుంది. ఒకే పేరున్న ఇద్దరిని విడదీయడానికి అంతకన్నా గట్టి ఆనవాలు లేదు. యాప్‌లో తిథికి గడి ఉండదు, నోట్స్‌లో రాసుకోండి.

ఇక నాకు నిజంగా భయం పుట్టించిన సంగతి. అమలాపురం వాళ్ళలో ఒకరు, వాళ్ళ ఇంటిపేరు వాళ్ళంతా వనసమారాధనకి కలిసినప్పుడు ఎవరో కుర్రాడు తయారుచేసిన గూగుల్ ఫారం లింక్ నాకు పంపి, "దీన్ని యాప్‌లోకి ఎలా ఎక్కించాలి?" అని అడిగారు. దాంతోపాటే జవాబుల షీటు లింకూ ఉంది. నొక్కితే తెరుచుకుంది, నేనెవరో కూడా అడగలేదు. వరసగా పేరు, గోత్రం, పుట్టినతేదీ, అమ్మ పుట్టింటి పేరు, ఆధార్ నంబరు, ఫోన్ నంబరు. ఆ చివర ఎవరో ఉత్సాహం కొద్దీ పొలం దస్తావేజుల ఫొటోలు కూడా పెట్టారు, వేలిముద్రలతో సహా.

వనభోజనానికి ఆధార్ దేనికండీ? పనసపొట్టు కూర వడ్డించేముందు ఎవరైనా గుర్తింపుకార్డు అడిగారా?

అమ్మ పుట్టింటి పేరు బ్యాంకువాళ్ళు మిమ్మల్ని గుర్తుపట్టడానికి అడిగే ప్రశ్న. వేలిముద్ర సంగతి ఇంకా ఘోరం. రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని ముద్రలకి నకళ్ళు తయారుచేసి, ఆధార్‌తో నడిచే చెల్లింపుల ద్వారా ఖాతాల్లో డబ్బు లాగిన కేసులు మన తెలుగు రాష్ట్రాల్లోనే నమోదయ్యాయి. ఆ పద్ధతిలో ఓటీపీ కూడా రాదు. ఆ షీటులో నంబరు, ముద్ర పక్కపక్కనే ఉన్నాయి.

షీటులో ఆధార్ వరస చెరిపేస్తే సరిపోదు, పాత వెర్షన్లలో అది అలాగే ఉంటుంది. కావలసిన వరసలతో కొత్త షీటు తయారుచేసుకుని, పాతదాన్నీ ఫారంలోని జవాబులనీ తీసేసి, ట్రాష్ కూడా ఖాళీ చేయండి. ఫొటోలు వేరే ఫోల్డర్లో ఉంటాయి, మరిచిపోకండి. గ్రూపులో అందరికీ చెప్పి ఆధార్ బయోమెట్రిక్ లాక్ వేయించండి. బ్యాంకు భద్రతా ప్రశ్నగా అమ్మ పుట్టింటి పేరు అడిగితే జవాబుగా ఏదో ఒక మాట పెట్టుకుని డైరీలో రాసుకోండి. వంశవృక్షంలో బతికున్నవాళ్ళకి పేరు, బంధుత్వం చాలు. పుట్టినతేదీలు పోయినవాళ్ళకే.

డీఎన్‌ఏ కిట్ (ఉమ్మి పంపితే బంధువులెవరో చెప్పే పరీక్ష) గురించి ఇద్దరు అడిగారు. 2023లో ఇవి అమ్మే ఒక పెద్ద కంపెనీలో దొంగలు నేరుగా తెరిచింది సుమారు 14 వేల ఖాతాలే, అదీ వేరే సైట్లలో వాడిన పాస్‌వర్డే ఇక్కడా పెట్టుకున్నవాళ్ళవి. 'మీ బంధువులు' అనే సదుపాయం గుండా వాళ్ళకి చిక్కింది దాదాపు 69 లక్షల మంది వివరాలు. మీరెంత జాగ్రత్తగా ఉన్నా మీ పెదనాన్నగారి అబ్బాయి పాస్‌వర్డ్ మీ చేతిలో ఉండదు. పైగా డీఎన్‌ఏలో ఇంటిపేర్లు రాసి ఉండవు. నేనైతే తీసుకోను.

యానాంలో ముత్తాత పుట్టారని రాసినామెకి: మీ అదృష్టం. ఫ్రెంచివాళ్ళ జనన మరణ రిజిస్టర్లని ఆ దేశపు ఓవర్సీస్ ఆర్కైవ్స్ స్కాన్ చేసి ఉచితంగా ఆన్‌లైన్లో పెట్టింది. యానాంని 'Yanaon' అనే ఫ్రెంచి స్పెల్లింగ్‌తో వెతకండి. పేర్లు వాళ్ళ చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నారు, పైకి చదువుకుంటూ చూడండి.

చివరగా భీమవరం నుంచి: "మా తాతగారు సొంత మేనకోడల్ని చేసుకున్నారు. ఎక్కించిన ప్రతిసారీ యాప్ ఎర్రగీత పెట్టి 'తప్పు' అంటోంది." తప్పు మీ తాతగారిది కాదండీ, యాప్ తయారుచేసినవాళ్ళు మన పెళ్ళి భోజనానికి ఎప్పుడూ వచ్చి ఉండరు. 'అలాగే ఉంచు' అనే బటన్ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, నొక్కండి. అదీ లేకపోతే చార్టు పేపరు, స్కెచ్ పెన్ను తెచ్చుకోండి. రెండు గీతలు ఎక్కువ గీయాలి, అంతే.