వీధిపిల్లుల్ని గోతాల్లో కట్టి ఊరవతల వదలొచ్చా?

ప్రశ్న: మాది 96 ఫ్లాట్ల సముదాయం. సెల్లారులో 14 వీధిపిల్లులు తిరుగుతున్నాయి. కార్ల మీద గీతలు, మెట్ల మీద మలం, రాత్రిళ్లు అరుపులు అని ఫిర్యాదులు రావడంతో, వాటిని పట్టించి ఊరవతల వదిలేయాలని జనరల్ బాడీలో తీర్మానం చేశారు. ఎలుకల మందు పెడితే సరి అని ఇద్దరు అన్నారు. రోజూ తిండి పెడుతున్న మేం నలుగురం సొంత ఖర్చుతో వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయిస్తామన్నాం. ‘అయితే అవి మీ పిల్లులే, ఏం జరిగినా మీదే బాధ్యత’ అంటున్నారు. చట్టం ఏం చెబుతోంది?

జవాబు: ముందు తీర్మానం సంగతి చూద్దాం. నూటికి నూరు మంది చేతులెత్తినా చట్టం నేరమన్న పని నేరం కాకుండా పోదు. సంఘం బైలాలు మెయింటెనెన్సుకూ పార్కింగుకూ పనికొస్తాయి గానీ పార్లమెంటు చేసిన చట్టాన్ని దాటలేవు. పైగా మినిట్స్ పుస్తకంలో ఆ తీర్మానం కింద ఉన్న సంతకాలే రేపు సాక్ష్యమవుతాయి. పిల్లుల్ని పట్టుకెళ్లినవాడితో పాటు పంపినవారిని కూడా భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 3(5) కింద ఉమ్మడి ఉద్దేశంతో కేసులోకి తేవచ్చు. ఈ మాట కమిటీకి ఇప్పుడే చెప్పండి. వారి మేలు కోరి చెప్పాల్సిన మాటే ఇది.

మందు పెట్టడం అన్నిటికంటే తీవ్రమైనది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న న్యాయ సంహిత 325 సెక్షన్ ప్రకారం, ఏ జంతువునైనా చంపినా, విషం పెట్టినా, అంగవైకల్యం కలిగించినా అయిదేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీ 428, 429 సెక్షన్లలో జంతువు విలువ 10 రూపాయలు, 50 రూపాయలు అనే లెక్క ఉండేది. ఇప్పుడా లెక్క లేదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. 325 వర్తించాలంటే 324లో చెప్పిన ‘మిస్చీఫ్’ రుజువు కావాలి, అంటే ఒక వ్యక్తికో ప్రజలకో నష్టం కలగాలి. ‘ఎవరి సొత్తూ కాని పిల్లి చస్తే నష్టం ఎవరికి?’ అని ఎదుటి వకీలు తప్పకుండా అడుగుతాడు. అందుకే ఫిర్యాదులో 325 ఒక్కటే రాసి ఊరుకోవద్దు. జంతు హింస నివారణ చట్టం, 1960లోని 11(1)(సి), 11(1)(ఎల్) కూడా రాయండి. మొదటిది హానికరమైన పదార్థం పెట్టడం గురించి, రెండోది క్రూరమైన పద్ధతిలో చంపడం గురించి. ఈ రెండింటికీ పిల్లి ఎవరిదన్న ప్రశ్నే లేదు. ఇందులో (ఎల్) కాగ్నిజబుల్ నేరమని అదే చట్టం 31వ సెక్షన్ చెబుతోంది కాబట్టి, పోలీసులు కోర్టు అనుమతి కోసం ఆగకుండా ఎఫ్ఐఆర్ కట్టాలి.

1960 చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలే. ఆ అంకె చూసే చాలామంది తేలిగ్గా తీసుకుంటున్నారు. మార్చాల్సిన అంకె అది, కానీ ఇంకా మారలేదు. 325ను జోడించమనడానికి అదీ ఒక కారణం. 36వ సెక్షన్‌ను కూడా మరవకండి. ఆ చట్టం కింద ప్రాసిక్యూషన్ నేరం జరిగిన మూడు నెలల్లోపే మొదలవ్వాలి. సంఘంతో రాజీ మాటలు జరుగుతున్నాయని ఆగితే ఆ గడువు దాటిపోతుంది.

పిల్లి అనుమానాస్పదంగా చనిపోతే పూడ్చిపెట్టకండి. పడి ఉన్నచోటే, పక్కనున్న ఆహారంతో సహా ఫొటోలు తీయండి. ఆ ఆహారాన్ని ఒట్టిచేత్తో తాకొద్దు. కళేబరాన్ని ఐస్ మధ్య ఉంచి, పోలీసు లేఖతో ప్రభుత్వ పశువైద్యశాలలో పోస్టుమార్టం చేయించి, విసెరాను (లోపలి అవయవాల నమూనాలను) ఫోరెన్సిక్ ల్యాబుకు పంపమని రాతపూర్వకంగా కోరండి. సెల్లారు కెమెరాల రికార్డింగు కొద్ది రోజుల్లో చెరిగిపోతుంది, కాబట్టి అదే రోజు సంఘానికి లేఖ ఇచ్చి భద్రపరచమనండి. ఆ ఫుటేజీ కోర్టులో నిలబడాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63(4) కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువపత్రం కావాలి.

ఇక ఊరవతల వదలడం. ఆకలి దప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును తగిన కారణం లేకుండా వదిలేయడం 1960 చట్టం 11(1)(ఐ) కింద నేరం. గోతాంలో కుక్కి తీసుకెళ్లడం 11(1)(డి) కిందికి వస్తుంది. ‘మా పిల్లులు కావు కదా, మేమెలా వదిలేసినట్టు?’ అన్న వాదనకు సమాధానం అదే చట్టం 2(ఎఫ్) నిర్వచనంలో ఉంది. జంతువు ప్రస్తుతానికి ఎవరి స్వాధీనంలో ఉందో వారు కూడా ‘యజమాని’ కిందికే వస్తారు. గోతాం మూతి కట్టిన క్షణం నుంచి బాధ్యత కట్టినవారిదే. ఈ రెండూ నాన్-కాగ్నిజబుల్ కనుక స్టేషన్‌లో నమోదు చేసుకుని మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లమంటారు. దాంతో కేసు అయిపోయిందనుకోకండి.

చట్టం మాట పక్కన పెట్టినా ఆ పని వల్ల ఫలితం లేదు. పిల్లికి తన చోటు మీద గట్టి పట్టు ఉంటుంది. కొత్తచోట వదిలితే తిరిగి రావాలని చూసి రోడ్ల మీద చస్తుంది. ఇక్కడ చెత్తడబ్బాలు తెరిచే ఉంటే పక్కవీధి పిల్లులు ఆ ఖాళీలోకి వస్తాయి. బాలింత పిల్లిని పట్టుకెళ్తే, మోటారు పెట్టె వెనుక ఇంకా కళ్లు తెరవని కూనలు పాలు లేక చచ్చిపోతాయి. వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

‘తిండి పెడితే మీ పిల్లులే’ అన్నది తప్పు. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల్లో, జనావాసంలో పుట్టి ఎవరూ తమదని చెప్పుకోని జంతువును ‘సామాజిక జంతువు’ అన్నారు. ఆ నిర్వచనం కుక్కలకే పరిమితం కాదు. 20వ నియమం తిండి పెట్టే ఏర్పాటు బాధ్యతను నివాసుల సంఘం మీదే ఉంచింది. ఆ చోటు పిల్లలు ఆడుకునే స్థలానికీ, రాకపోకల దారులకూ, మెట్లకూ దూరంగా ఉండాలి. తిన్నాక శుభ్రం చేయాల్సింది పెట్టినవారే. తగవు వస్తే పశువైద్యాధికారి, పోలీసు ప్రతినిధి తదితరులతో ఏర్పడే కమిటీ తేలుస్తుంది. మెట్ల మీద గిన్నె పెట్టే అలవాటు మీలో ఎవరికైనా ఉంటే ఈరోజే మానండి. ఆ విషయంలో న్యాయం ఎదుటివారి పక్షానే ఉంది. మీ అజాగ్రత్త వల్లే ఎవరికైనా గాయమైందని రుజువైతే పరిహారం దావా రావచ్చు. పిల్లి గీరినా కరిచినా 15 నిమిషాలు పారే నీటి కింద సబ్బుతో కడిగి, వెంటనే రేబిస్ టీకా కోసం వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. 2025లో సుప్రీంకోర్టు వీధికుక్కల మీద ఇచ్చిన ఆదేశాలను పిల్లులకు అంటగట్టేవారికి, అవి కుక్కల గురించేనని చెప్పండి.

ఆపరేషన్ చేసి పట్టినచోటే వదలడం మీద ఉన్న అభ్యంతరాలన్నీ ఉత్తవి కావు. ఆపరేషన్ అయిన పిల్లి కూడా బతికినంతకాలం పక్షుల్ని వేటాడుతుంది. సంఖ్య కూడా వెంటనే తగ్గదు. కానీ ఆడపిల్లి అయిదారు నెలలకే ఎదకు వస్తుంది, చూలు 65 రోజులే, బాలింతగా ఉండగానే మళ్లీ చూలు కట్టగలదు. మీ 14లో అయిదింటికి చేయించి ఆపితే మిగిలిన తొమ్మిదే ఏడాదిలో లెక్కను మొదటికి తెస్తాయి. ఈ పద్ధతి విఫలమైనచోట తరచూ కనిపించే తప్పు ఇదే. అన్నిటినీ వరసగా పూర్తిచేయాలి. మనిషికి మచ్చికయ్యే వయసులో ఉన్న కూనల్ని పెంపకానికి ఇవ్వాలి. గండుపిల్లులకు చేయిస్తే మీరు చెప్పిన రాత్రి అరుపులు, పోట్లాటలు, మూత్రం చిమ్మడం చాలావరకు తగ్గుతాయి.

బోను పెట్టాక దాన్ని వదిలి వెళ్లొద్దు. పిల్లి పడగానే గుడ్డ కప్పితే చీకటికి శాంతిస్తుంది. కప్పకపోతే కడ్డీలకు ముక్కు కొట్టుకుని రక్తం చిందుతుంది. పెద్దపిల్లికి ఆపరేషన్ ముందురాత్రి నుంచి తిండి ఆపాలి. చిన్న కూనల్ని అన్ని గంటలు పస్తుంచకూడదు. పొట్టకింద చనుమొనల చుట్టూ వెంట్రుకలు రాలి ఉంటే పాలిస్తోందని గుర్తు. ఆ మాట వైద్యుడికి ముందే చెప్పండి. కరిగిపోయే కుట్లే వేయమనండి, ఎందుకంటే కుట్లు విప్పడానికి అది రెండోసారి మీకు చిక్కదు. మత్తులో ఉండగానే ఎడమచెవి కొన సెంటీమీటరు మేర అడ్డంగా తీయించి, రేబిస్ టీకా వేయించండి. ఆపరేషన్ అయిందని ఆ చెవి దూరం నుంచే చెబుతుంది, మళ్లీ పట్టే పని ఉండదు. మత్తు పూర్తిగా దిగాక మగదాన్ని ఒక రోజు, ఆడదాన్ని రెండు మూడు రోజులు ఉంచి, పట్టినచోటే వదలండి. బోనులో బావురుపిల్లో మానుపిల్లో పడితే అవి వన్యప్రాణి రక్షణ చట్టం కిందివి. తరలించకుండా అటవీ శాఖకు ఫోన్ చేయండి.

2(ఎఫ్) నిర్వచనం మీకూ వర్తిస్తుంది. బోనులో ఉన్నంతసేపు చట్టం దృష్టిలో యజమాని మీరే, నీరు, నీడ మీ బాధ్యత. ఆసుపత్రి అంగీకార పత్రంలో మాత్రం ‘యజమాని’ అని కాక ‘సామాజిక పిల్లి, సంరక్షకులు’ అని రాయించండి. ప్రతి పిల్లికీ ఫొటో, రంగు, ఆడా మగా, ఆపరేషన్ తేదీ, టీకా తేదీతో రిజిస్టరు పెట్టండి. వీధి జంతువుల ఆపరేషన్లు, టీకాల బాధ్యత జంతు జనన నియంత్రణ నియమాల్లోని 7వ నియమం ప్రకారం స్థానిక సంస్థదే. కాబట్టి మున్సిపల్ కమిషనరుకు రిజిస్టర్డ్ పోస్టులో ఒక అర్జీ పంపి రసీదు దాచుకోండి. మీకు ఎవరైనా దారి అడ్డగిస్తే న్యాయ సంహిత 126, బెదిరిస్తే 351 సెక్షన్లు ఉన్నాయి.

పాత తీర్మానాన్ని ఉపసంహరించమని కార్యదర్శికి ఇచ్చే లేఖలోనే కొత్త తీర్మానం ముసాయిదా జత చేయండి: ‘సెల్లారులోని పిల్లులకు సంరక్షకుల ఖర్చుతో ఆపరేషన్, టీకా చేయించి అక్కడే వదలడానికి, జనరేటరు గది వెనుక ఉదయం, రాత్రి నిర్ణీత వేళల్లో ఆహారం పెట్టడానికి, చెత్తడబ్బాలకు మూతలు బిగించడానికి సంఘం అంగీకరిస్తున్నది.’