బోరు దగ్గర పంపు కడిగే చోటే అసలు ప్రమాదం

ప్రశ్న: మా అయిదెకరాల ఎర్ర చెల్కలో ఇరవై ఏళ్లకు పైగా పత్తే వేస్తున్నాం. నాన్న ఉన్నప్పుడు ఎండోసల్ఫాన్, మోనోక్రోటోఫాస్ పురుగుమందులు బాగా కొట్టేవాళ్లం. ఇప్పుడు ఒక ఎకరంలో కూరగాయలు పెడదామనుకుంటున్నా. ఆ విషం నేలలో ఇంకా ఉంటుందా? బోరు నీళ్లకు వాసనేమీ లేదు, మేమూ మా రెండు బర్రెలూ అవే తాగుతున్నాం. మందు కొట్టే పంపు కూడా బోరు దగ్గరే కడుగుతాం. భూసార పరీక్షలో తెలుస్తుందా సార్? – ఒక రైతు, దేవరకొండ మండలం, నల్లగొండ జిల్లా

జవాబు: పంపు బోరు దగ్గరే కడుగుతామని మీరు రాసిన మాట చదివి ఆందోళన కలిగింది. చేను సంగతి తర్వాత, ముందు ఆ బోరు గురించి చెబుతాను.

మోనోక్రోటోఫాస్ 36 శాతం మందు ఒక్క మిల్లీలీటరులో సుమారు 360 మిల్లీగ్రాముల విషం ఉంటుంది. మన తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో అది ఒక మైక్రోగ్రాము, అంటే గ్రాములో పది లక్షల వంతు, దాటకూడదు. లెక్క వేసి చూడండి. డబ్బా మూతలో మిగిలే ఆ ఒక్క మిల్లీలీటరు 3,60,000 లీటర్ల నీటిని హద్దుకు తెచ్చేస్తుంది. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే 72. చేనంతా కొట్టిన మందు పలచగా పడుతుంది కాబట్టి ఎండకీ, మట్టిలోని సూక్ష్మజీవులకీ చాలావరకు విరిగిపోతుంది. బోరు దగ్గర మాత్రం ఏటా అదే గజం జాగాలో చిక్కగా పడుతోంది. చెల్కలో బంకమన్నూ సేంద్రియ పదార్థమూ తక్కువ, మందును పట్టి ఉంచలేదు. కేసింగ్ (బోరులో దించిన గొట్టం) పక్కన సందు ఉందంటే నీళ్లతో పాటు నేరుగా కిందికి దిగుతుంది.

వాసన లేదు కాబట్టి నీళ్లు మంచివే అనుకోవద్దు. ఇంత కొద్ది మోతాదు ముక్కుకూ నాలుకకూ తెలియదు. నీళ్లు కాచినంత మాత్రాన పోతుందన్న భరోసా కూడా లేదు. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఇంట్లో మిషన్ భగీరథ నీళ్లే తాగండి, బర్రెలకూ అవే పెట్టండి. డీడీటీ, ఎండోసల్ఫాన్ కోవకు చెందిన మందులు కొవ్వులో చేరతాయి. బర్రె పాలలో వెన్న ఎక్కువ, ఆ పాలే మీ పిల్లలు తాగుతారు.

చేను విషయంలో మాత్రం అంత టెన్షన్ పడనక్కర్లేదు. మోనోక్రోటోఫాస్ నేలలో వారాల్లోనే విరిగిపోతుంది. ఎండోసల్ఫాన్ మొండిది. విరిగాక ఎండోసల్ఫాన్ సల్ఫేట్‌గా మారుతుంది, అదీ విషమే, ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను 2011 మే 13న ఆపించింది. అప్పటినుంచి మీరు కొట్టకపోతే ఈపాటికి చాలా భాగం పోయి ఉంటుంది. తాతల కాలంలో డీడీటీ చల్లారా అని ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, నేలలో అది సగానికి తగ్గడానికే 2 నుంచి 15 ఏళ్లు పట్టవచ్చు. ఇప్పుడు వాడే మందుల్లో నా అనుమానం ఇమిడాక్లోప్రిడ్ మీద. నీటిలో కరుగుతుంది, నేలలో నెలల తరబడి ఉంటుంది.

మొదటి ఏడాది ముల్లంగి, క్యారెట్, సొర, గుమ్మడి, దోస వద్దు. దుంపలు మట్టిలోనే ఊరతాయి. ఈ తీగల వేళ్లేమో డీడీటీ, ఎండోసల్ఫాన్ లాంటి పాత క్లోరిన్ మందులను మిగతా పంటలకన్నా ఎక్కువ లాగుతాయి. టమాట, వంకాయ, బెండతో మొదలుపెట్టండి. దానికి ముందు జనుము గానీ జీలుగ గానీ వేసి, పూతకు రాగానే కలియదున్ని, ఎకరానికి 4 టన్నుల మాగిన పశువుల పెంట తోలండి. విషాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవులకు తిండీ తేమా కావాలి. ఇంకో మాట, కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ 2005 నుంచే నిషేధం. ఇంట్లో పాత డబ్బా మిగిలి ఉన్నా వాడొద్దు.

భూసార కార్డులో ఉండే 12 అంశాల్లో మందుల అవశేషాలు లేవు. కంపసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి, నీళ్లు, మట్టి నమూనాలను రాజేంద్రనగర్‌లో ఉన్న అవశేషాల ప్రయోగశాలకు పంపించండి. మోటారు పది నిమిషాలు నడిచాక గోధుమ రంగు గాజు సీసాలో లీటరు నీళ్లు పట్టి, ఐసులో పెట్టి తీసుకెళ్లండి. ప్లాస్టిక్ సీసా వద్దు. ఏయే మందులు కొట్టారో పేర్లు రాసి ఇవ్వండి, ఏది వెతకాలో వాళ్లకు తెలియాలి.

పంపు కడిగిన నీళ్లను ఇకపై అదే పత్తి మీద కొట్టేయండి. మిగిలిన కడుగుడంతా బోరుకు కనీసం 100 అడుగుల దూరంలో ఒక గుంత తీసి అక్కడే చేయండి. అడుగున టార్పాలిన్ పరిచి, రెండు పాళ్లు వరిగడ్డి, ఒక పాలు మాగిన ఎరువు, ఒక పాలు మట్టి కలిపి నింపి, పైన గడ్డి పెరగనివ్వండి. స్వీడన్ రైతులు 1990ల నుంచి చేస్తున్న పద్ధతి ఇది. ఇన్నాళ్లూ పంపు కడిగిన చోట మట్టిని కూడా విడిగా ఒక నమూనా తీసి పంపండి, చేని మట్టితో కలపొద్దు.